రెండు బీఏ బస్తాలు

కిందటి వేసవిలో ఒక కుండల స్టూడియో మూసేస్తున్నారని తెలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లాను. కిల్న్‌లో, అంటే కుండలు కాల్చే కొలిమిలో పెట్టుకునే 18 షెల్ఫులు, ఒక జల్లెడల సెట్టు, సగం సగం వాడేసిన 13 పొడి బస్తాలు. అన్నీ కలిపి ఒకటే రేటు. భలే బేరం కుదిరిందని దారంతా మురిసిపోయాను. ఇంటికొచ్చి దించుకుంటుంటే తెలిసింది, అంత చవగ్గా ఎందుకిచ్చారో. నాలుగు బస్తాల మీద అసలు పేరే లేదు. ఇంకో రెండింటి మీద మార్కర్‌తో రెండే ఇంగ్లీషు అక్షరాలు, బీ, ఏ. రెండింట్లోనూ తెల్లటి పొడే.

"రెండు బీఏలు తెచ్చావు, పాసయ్యేది ఏదో చూసుకో" అన్నారు మావారు.

బీఏ అంటే నాకు తట్టింది బోన్ యాష్. ఎముకల బూడిద. చాలాకాలంగా దానికోసమే చూస్తున్నాను. గ్లేజంటే కుండ మీద పూసి కాలిస్తే గాజయ్యే పూత. టమాటా పండు రంగులో మెరిసే ఐరన్ రెడ్ గ్లేజులకు అదే ప్రాణం. చిల్లరగా కొందామంటే దొరకదు. మా మామూలు సప్లయర్‌ని అడిగితే 25 కిలోల బస్తా తీసుకోమంటాడు. పది మందికి మట్టిపని నేర్పుకుంటూ బతికే నాకు అది పదేళ్లకి సరిపోతుంది. అలాంటిది ఊరికే రెండు బస్తాలు! అదే రోజు సాయంత్రం బకెట్‌లో కలిపేసేదాన్నే. మాస్కు కనపడక ఆగాను.

మర్నాడు పొద్దున రెండో బస్తాని పక్కకి జరపబోతే అది కదల్లేదు. రెండూ చూడ్డానికి ఒకే ఎత్తు, ఒకే లావు. ఒకటి చంకన పెట్టుకుని నడవొచ్చు, రెండోది ఈడ్చాల్సి వస్తోంది. ఒకే ప్లాస్టిక్ గ్లాసుతో రెండింట్లోంచీ తలకొట్టుగా తీసి తూచాను. మొదటిది 158 గ్రాములు, రెండోది 236. ఒకే సరుకైతే ఇంత తేడా ఎందుకుంటుంది? అప్పుడు గుండెలో రాయి పడింది. బీఏ అనే రెండక్షరాలకి మా పనిలో ఇంకో అర్థం కూడా ఉంది. బేరియం.

బేరియం కార్బనేట్ కూడా తెల్లటి పొడే. మెరుపు లేని, సిల్కు గుడ్డలాంటి మ్యాట్ గ్లేజుల కోసం వాడతారు. అదే పొడిని ఎలకల మందుగానూ వాడేవాళ్లు. దాన్ని ఎముకల బూడిద అనుకుని వందకి 12 పాళ్లు కలిపి, కాఫీ కప్పుల లోపల పూసి, కాల్చి అమ్మేదాన్ని.

కాబట్టి ఈ పోస్టు ముఖ్యంగా పేరు లేని తెల్లపొడి ముందు కూర్చున్నవాళ్ల కోసం. నేనేం చేశానో వరసగా చెప్తాను. రుచి మాత్రం చూడకండి. పాత కుండల పనివాళ్లు నాలిక్కి తగిలించి చెప్పేవాళ్లని వింటుంటాం. వాళ్ల దగ్గర ఉన్నది మట్టి, మన దగ్గర ఉన్నది కెమికల్ బస్తా.

ముందు వేళ్లకి పని చెప్పాను, గ్లవ్స్ వేసుకునే. టాల్క్ అయితే వేళ్ల మధ్య జారుతుంది, చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం పొడి చేస్తే ఎలా ఉంటుందో అలా. అదీ ఇదీ ఒకే రాయి కదా. చైనా క్లే, అంటే తెల్ల బంకమట్టి అయితే చుక్క నీళ్లతో ముద్దవుతుంది, వేలికి అంటుకుంటుంది. పలుగురాయి పిండి, ఫెల్డ్‌స్పార్ అనే ఇంకో రాతి పిండి కరకరలాడతాయి. మొదటి బస్తాలోది ఈ మూడు రకాల్లోనూ చేరలేదు. తేలికగా, పొడిపొడిగా, విభూతిలా ఉంది. నీళ్లు పోస్తే ముద్ద కట్టకుండా చెదిరిపోతోంది. భూతద్దంలో చూస్తే అక్కడక్కడా ఆవగింజలో పదో వంతుండే బూడిదరంగు నలకలు. పూర్తిగా కాలని ఎముకలో మిగిలిపోయే బొగ్గు ఇలాగే కనిపిస్తుంది.

తర్వాత వెనిగర్. వంటింట్లో వద్దు, మళ్లీ వాడే గిన్నెలో అసలే వద్దు. పెరట్లో రెండు పాత ప్లాస్టిక్ మూతల్లో చిటికెడు చిటికెడు వేసి డ్రాపర్‌తో పోశాను. మొదటిది మాట్లాడలేదు. రెండోది సోడా కొట్టినట్టు బుసబుసమంది. బుస వచ్చిందంటే కార్బనేట్. వైటింగ్, అంటే సుద్దపొడి అయినా బుసమంటుంది, బేరియం అయినా అంటుంది. డోలమైట్ మాత్రం బద్ధకంగా, వేడి చేస్తే గానీ పొంగదు. అంటే రెండో బస్తా ఎముక కాదని తేలింది. ఏమిటన్నది తేలలేదు. ఇంకో మాట. బేరియం కార్బనేట్ వెనిగర్లో కరిగాక ఇంకా ప్రమాదం, ఒంట్లోకి తేలిగ్గా పోతుంది. ఆ మూతల్ని సీసాలో వేసి, బిరడా బిగించి, దాని మీద ఎర్ర స్కెచ్‌తో పుర్రె బొమ్మ గీశాను.

మా బాబాయి కొడుకు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. ఆదివారం రెండు పొట్లాలు పట్టుకెళ్లాను. ఇంటర్లో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్లకి ఆ ల్యాబు వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంటుంది. వాడు రెండో పొట్లంలోది కాస్త యాసిడ్‌తో తడిపి, తీగ కొసకి అంటించి బర్నర్ మంటలో పెట్టాడు. మంట అంచున లేత ఆకుపచ్చ. పచ్చి ఆపిల్ తొక్క రంగు.

"బేరియమే అక్కా. ఇంకా అనుమానమా?"

మొదటిది పెట్టాడు. ఇటుక ఎరుపు. కాల్షియం. మా పనివాళ్లకి ఇంతకంటే ఆప్యాయమైన రంగు పేరు కెమిస్ట్రీలో లేదు. తర్వాత అదే పొడిని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, మరగబెట్టి, అమ్మోనియం మాలిబ్డేట్ పోశాడు. టెస్ట్‌ట్యూబు అడుగున నెమ్మదిగా పసుపు దిగింది. కానరీ పసుపు అవక్షేపం! రికార్డులో వందసార్లు రాశాను గానీ, దానితో నాకు పని పడుతుందని 17 ఏళ్లప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. కాల్షియం ఉంది, ఫాస్ఫేట్ ఉంది. ఎముక.

అప్పటిదాకా ఫోన్లో ఫోటోలు చూస్తున్నవాడు ఉన్నట్టుండి అన్నాడు. "అక్కా, నువ్విక్కడిదాకా రానక్కర్లేదు. బస్తా మీదే రాసుందిగా. మొదటిదాని మీద రెండూ పెద్దక్షరాలు. రెండోదాని మీద ఏ చిన్నది. అది పొట్టిపేరు కాదు, బేరియం సింబల్."

ఫోటో పెద్దది చేసి చూశాను. నిజమే. రాసినవాళ్లకి తెలుసు తామేం రాశారో. చదివినదానికే తెలియలేదు.

ఇంటికొచ్చాక నా తృప్తి కోసం ఇంకో పరీక్ష చేశాను. ల్యాబు అందుబాటులో లేనివాళ్లకి ఇదే నయం. నా స్టోన్‌వేర్ మట్టితోనే అగ్గిపెట్టంత గిన్నెలు చేసి, ఒక్కోదాంట్లో ఒక్కో పొడి చెంచాడు పోసి, పక్కన పేరు చెక్కి మామూలు కాల్పులో పెట్టడం. 1,270 డిగ్రీల దగ్గర దేని గుణం అది బయటపెట్టుకుంటుంది. ఫెల్డ్‌స్పార్ కరిగి పాలరంగు గాజుబొట్టయింది. పలుగురాయి పిండి పోసింది పోసినట్టే ఉంది. చైనా క్లే కుంచించుకుపోయి బిస్కెట్టులా గట్టిపడింది. వైటింగ్ తెల్లగా అమాయకంగా కూర్చుంది గానీ, దాని మీద నాలుగు చుక్కల నీళ్లు వేస్తే చుయ్‌మని వేడెక్కి పొంగి పగిలింది. అది సున్నమైపోయింది మరి. తాంబూలంలో వేసుకునే సున్నానికి తాత అన్నమాట. బోన్ యాష్ కరగలేదు, నీళ్లకీ ఉలకలేదు, వేలితో నొక్కితే చాక్‌పీసులా పొడి రాలింది. విడిగా ఉంటే దానికి 1,600 దాటితే గానీ చెమట పట్టదు. అదే పొడి ఫెల్డ్‌స్పార్, పలుగురాళ్లతో కలిస్తే 1,270కే కరిగి వాటినీ కరిగిస్తుంది. బేరియం గిన్నె మాత్రం కిల్న్‌లో పెట్టలేదు.

ఇక బోన్ యాష్ వాడకం. చిన్న మోతాదులో, అంటే వందకి 1 నుంచి 3 పాళ్లు వేస్తే, గ్లేజులోకి పాలతెర వస్తుంది. చైనాలో హెనాన్ ప్రాంతపు జున్ పాత్రల మీద ఆకాశం రంగు మబ్బుతెర చూసే ఉంటారు. సోంగ్, జిన్ రాజవంశాల కాలాల పనితనం. వాళ్లు ఎముకలు వేయలేదు, కట్టెల బూడిదలోంచి కాస్త ఫాస్ఫరస్ దానంతటదే వచ్చి చేరేది. ఆ నీలంలో రంగు పదార్థమంటూ పెద్దగా ఏదీ లేదు. కరిగిన గాజు చల్లారేటప్పుడు నూనె, నీళ్లలా రెండుగా విడిపోయి, కంటికి ఆనని బొట్లు గాజంతా పరుచుకుంటాయి. వాటి మీద పడ్డ వెలుతురులో నీలం ఎక్కువగా చెదిరి మన కంటికొస్తుంది. మా చిన్నప్పుడు పాలావిడ నీళ్లు ఎక్కువ కలిపిన రోజు గ్లాసు అంచున లేత నీలం కనిపించేది, అదీ ఇలాంటి మాయే.

నా ఆశంతా ఎరుపు మీద. గుండ్రంగా వందకి సరిపోయే నా మిశ్రమం ఇది: మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే పొటాష్ ఫెల్డ్‌స్పార్ 46, పలుగురాయి పిండి 21, బోన్ యాష్ 12, ఎర్ర ఐరన్ ఆక్సైడ్ 10, చైనా క్లే 6, టాల్క్ 5. వేడి చూసుకోడానికి కిల్న్‌లో కోన్లు పెడతాం, ఒక్కో నంబరుది ఒక్కో వేడికి వంగే చిన్న మట్టి శంకువులు. గ్యాస్ కిల్న్‌లో కోన్ 9 దాటించి, 10 వంగేలోపు ఆపేస్తాను. 12 దగ్గరికి ఊరికే రాలేదు. మిగతావన్నీ అలాగే ఉంచి బోన్ యాష్ ఒక్కటే 0, 4, 8, 12, 16గా మార్చి ఐదు టైళ్లు కాల్చాను. అసలు లేనిది నల్లబెల్లం పాకం రంగు, మెరుస్తోంది. నాలుగులో అంచున ఎర్రటి చుక్కలు మొలిచాయి. ఎనిమిది తుప్పు రంగు. పన్నెండు పండిన టమాటా, అంచులో నలుపు గీత, లోపల ఎర్రటి ఇసక చల్లినట్టు. పదహారు చచ్చుబడి, మొటిమలు లేచి, గోరు పెడితే గుచ్చుకుంటోంది. ఎక్కువ వేస్తే ఎక్కువ ఎరుపు రాదు.

ఎందుకంటే ఆ ఎరుపు ఎముకది కాదు, ఇనుముది. వేడిలో ఉన్నప్పుడు ఇనుమంతా గాజులో కరిగే ఉంటుంది. ఫాస్ఫరస్ ఉండడం వల్ల ఆ గాజుకి ఇనుమంతటినీ పట్టి ఉంచడం చేతకాదు. చల్లారేటప్పుడు, పాకం ముదిరి పంచదార మళ్లీ గింజ కట్టినట్టు, సన్నటి ఎర్ర స్ఫటికాలు పైకి తేలతాయి. అందుకని చల్లార్చడంలోనే ఉంది కిటుకంతా. తొందరపడి డ్యాంపర్‌ని, అంటే కిల్న్ పొగగొట్టం మూతని బార్లా తీసి దబాలున చల్లార్చిన రోజు నాకు 22 కప్పులూ గోధుమరంగులో వచ్చాయి. ఏడవలేక, వాటిలో ఆరింటిని తర్వాతి బిస్క్ కాల్పులో, అంటే గ్లేజు వేయకముందు చేసే తొలి కాల్పులో, 1,000 డిగ్రీల దగ్గర, ఓ మూల పెట్టాను. ఎర్రబడి వచ్చాయి. గాలి బాగా ఆడాలి, పొగ ఉండకూడదు.

బకెట్‌లో ఇది పెట్టే పేచీ ఒకటుంది. పొద్దున మజ్జిగలా కలిపిపెట్టింది మర్నాటికి గడ్డపెరుగవుతుంది. బూడిదలోంచి కొద్దికొద్దిగా కాల్షియం నీళ్లలోకి దిగి మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటగడుతుంది. చిక్కబడిందని నీళ్లు పోశారో, పూత పలచబడి ఎరుపు పోతుంది, ఆరేటప్పుడు పగుళ్లిచ్చి కాల్పులో ముడుచుకుపోతుంది. నేనలా రెండు బకెట్లు పాడుచేశాను. చెంచాలో పావు వంతు సోడియం సిలికేట్ వేసి కలిపితే మళ్లీ జారుగా అవుతుంది. ఆ వారానికి ఎంత కావాలో అంతే కలుపుకోవడం ఇంకా మంచిది.

బస్తా దొరకడానికి ముందు ఒకసారి సొంతంగా బూడిద చేద్దామని కూడా చూశాను. మా పుట్టింట్లో ఆదివారమంటే పాయా. పాతబస్తీలో ఒక హోటలువాళ్లని అడిగితే సంచీడు ఎముకలు నవ్వుతూ ఇచ్చారు. రెండుసార్లు ఉడకబెట్టి, కొవ్వు తీసి, గీకి, ఎండబెట్టాను. ఎరువుల కొట్టులో దొరికే ఎముకల పిండి పనికిరాదు, అది కాల్చింది కాదు, లోపల జిగురు ఇంకా మిగిలే ఉంటుంది. నేరుగా కిల్న్‌లో పెట్టకుండా ముందు పెరట్లో కట్టెల మంట మీద వేశాను. ఆ వాసన గురించి రాయను. పక్కింటివాళ్లు మూడు రోజులు మాట్లాడలేదు. ఎముక ముందు నల్లబడుతుంది, తర్వాత బూడిదరంగు, 1,000 డిగ్రీల బిస్క్ అయ్యాక తెలుపు. విరిస్తే మధ్యలో నల్లగీత ఉందంటే ఇంకా బొగ్గు మిగిలుందని. ఎండిన ఎముక 3 కిలోలు వేస్తే 2 కిలోల లోపే చేతికొచ్చింది. దంచడం మాత్రం తేలిక, అప్పడంలా విరుగుతుంది. మాస్కు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు.

మొదటి ఎర్ర కప్పుల్లో ఒకటి మా అత్తయ్యకిచ్చాను. వాళ్లింట్లోకి గుడ్డు కూడా రాదు. ఇచ్చేటప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదంటే నమ్మండి. గ్లేజంటే నాకు అంకెలు. నాలుగు నెలలు రోజూ పొద్దున ఆ కప్పులోనే కాఫీ తాగారావిడ. ఒకరోజు స్టూడియోకొచ్చి షెల్ఫుల మీది డబ్బాల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ ఆగారు. నేను కొత్తగా, ఈసారి తెలుగులో, పెద్దక్షరాలతో రాసి పెట్టానుగా: ఎముకల బూడిద.

"ఇదెందుకమ్మాయ్?"

చెప్పాను. అబద్ధమాడలేకపోయాను.

"నా కప్పులోనా?"

"అవునత్తయ్యా. కానీ కాలిపోయాక అందులో ఎముకంటూ ఏమీ మిగలదు. గాజైపోతుంది."

"కాల్చాక ఎవరిలో మాత్రం ఏం మిగులుతుంది?" అని, కాస్సేపాగి, "మరి మన షోకేసులో బోన్ చైనా సెట్టో? బోన్ అంటే కంపెనీ పేరనుకున్నానే" అన్నారు.

ఆ మాటకి నేను నీళ్లు నమిలాను. బోన్ చైనా మట్టిలో సగం పాళ్లు ఎముకల బూడిదే. 1790ల్లో ఇంగ్లండులో స్టోక్ దగ్గర జొసయా స్పోడ్ సగం బూడిద, పావు చైనా క్లే, పావు చైనా స్టోన్ లెక్కన కుదిర్చిన పాకం, ఇప్పటికీ దాదాపు అదే. నా కప్పు మీద ఉన్నది పైపూతలో 12 పాళ్లు. ఆ లెక్క ఆవిడకి చెప్పి ఏం లాభం? గాజైపోయిందన్నది నా మాట. ఎముకన్నది ఆవిడ మాట. రెండూ నిజమే. కానీ నోటికి ఆనించుకునేది ఆవిడ. అప్పట్నుంచి ఈ గ్లేజు వేసిన ప్రతి కప్పు అడుగున సున్నా చుట్టి మధ్యలో చిన్న చుక్క పెడుతున్నాను. కొనేవాళ్లు అడిగినా అడగకపోయినా చెప్తున్నాను. కొందరు కప్పు కింద పెట్టేసి వెళ్లిపోతారు. వెళ్లనీ.

ఆవిడ కోసం ఎముక లేని దారి వెతికాను. కోళ్ల దాణా కొట్లో డీసీపీ అని దొరుకుతుంది, డైకాల్షియం ఫాస్ఫేట్. బస్తా మీద ఫాస్ఫరస్ 18 శాతం అని ఉంటుంది. ఫాస్ఫేట్ అందులోనూ బోన్ యాష్‌లో ఉన్నంతే, కాల్షియం తక్కువ. కాబట్టి నా 12కి బదులు డీసీపీ 12న్నర, వైటింగ్ 5 వేస్తే లెక్క దగ్గరపడుతుంది. దానిలో నాలుగో వంతుకి పైగా నీరే, కాలేటప్పుడు పోతుంది, అందుకని మొదట్లో వేడి మెల్లిగా పెంచాలి. మినరల్ మిక్చర్ అని ఇంకోటి అంటగడతారు, అందులో ఏవేవో ఉంటాయి, తీసుకోకండి. ఇంకా పెద్ద మెలిక ఒకటుంది. జెలటిన్ తయారీలో ఎముకల్ని యాసిడ్‌లో నానబెడితే వచ్చే నీళ్లలోంచి కూడా డీసీపీ తీస్తారు. అంటే ఎముకని తప్పించుకోబోయి మళ్లీ ఎముక దగ్గరికే చేరొచ్చు. కొట్టతన్ని "రాతి ఫాస్ఫేట్‌ది కావాలి, ఎముకలది కాదు" అంటే, "కోళ్లు అడగవు మేడం ఇవన్నీ" అన్నాడు. బస్తా తిప్పి చూపించాడు, రాక్ ఫాస్ఫేట్ అనే ఉంది.

ఎరుపు వచ్చింది. కాస్త తుప్పు వైపు మొగ్గింది, లోపలి ఇసకమెరుపు తగ్గింది. కొత్త కప్పు పట్టుకెళ్లి, ఎక్కడిదో, దేనితో చేశానో అంతా చెప్పి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశారు.

"పాతదాని రంగే బాగుందమ్మాయ్" అన్నారు.

పాతది పారేసి ఉంటారనుకున్నాను. వెళ్లేటప్పుడు చూస్తే వరండా గోడ మీద ఉంది, నిండా నీళ్లు పోసి మనీప్లాంట్ కొమ్మ పెట్టారు. నేను చూడ్డం ఆవిడ చూశారు. "గులాబీలకి ఎముకల పిండి నేనే వేస్తాను కదా, ఏటా కార్తీకమాసం వెళ్లగానే" అని, కొత్త కప్పులో కాఫీ కలపడానికి లోపలికెళ్లారు.